స్కమ్‌దో హెలిప్యాడ్ ఇన్‌చార్జి

మంచుకొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికి, ఎత్తుకొచ్చి బతికించే మా లోయ హెలికాప్టర్ దళానికి పాతికేళ్ళు నిండినప్పుడు ఒక చరిత్ర పుస్తకం వేశారు. నున్నటి అట్ట, నూట పన్నెండు పేజీలు. ఏ ఏడాది ఎంత ఎత్తున దిగారు, ఎవరికి ఏ పతకం వచ్చింది, ఏ పెద్దమనిషి వచ్చి ఎవరి భుజం తట్టాడు, అన్నీ ఉన్నాయి. నలభై ఒకటో పేజీలో ఒక ఫొటో ఉంది. దిగుతున్న హెలికాప్టర్, లేస్తున్న మంచు, ఓ మూల కెమెరాకి వీపు పెట్టి కూర్చున్న మనిషి. కింద ‘స్కమ్‌దో హెలిప్యాడ్, ఒక స్థానికుడు’ అని రాశారు. ఆ స్థానికుడి పేరు కొంచోక్ ఆంగ్‌దుస్. దళం చరిత్రలో ఆయనకు దక్కింది ఆ వీపు వరకే. మిగతా మనిషి గురించి నేను చెబుతాను.

నా పేరు కుంజెస్. ఈ స్కమ్‌దోలోనే పుట్టి, బయట నర్సు చదువు చదివి, మళ్ళీ ఈ ఊరి ఉపకేంద్రంలోనే తేలాను. నలభై రెండు ఇళ్ళు, గుంపా అని పిలిచే ఒక బౌద్ధ మఠం, ఒక సాటిలైట్ ఫోన్, లెక్కకు లొంగని మేకలు. నవంబరులో కనుమ మూసుకుందంటే జూన్ దాకా బయటి ప్రపంచానికి మేము లేము, మాకు అది లేదు. ఆ ఏడు నెలల్లో ఎవరికైనా ప్రాణం మీదకు వస్తే ఆ దళం హెలికాప్టర్లే దిక్కు. అవి అసలు ఉన్నది పైన హిమానీనదం మీద కాపలా కాసే సైనికుల కోసం. కింద ఊళ్ళలో ఉన్నవాళ్ళు కూడా మనుషులేనని గుర్తు చేస్తే ఇటు వస్తాయి. గుర్తు చేయాలంటే ఒక అర్జీ, రెండు సంతకాలు, మబ్బులేని ఆకాశం కావాలి. మొదటి రెండూ ఒక్క పూటలో దొరుకుతాయి.

ఎనభై అయిదు శీతాకాలంలో పై లోయకి గస్తీ వెళ్ళిన అయిదుగురు సైనికుల్ని మంచుచరియ కమ్మేసింది. రెండు రోజులు గాలించిన హెలికాప్టర్ మూడోనాడు మా బార్లీ పొలంలో దిగింది. లేహ్‌లో మొదటి విమానం దిగినప్పుడు జనం దానికి గడ్డి వేశారని ఒక కథ చెబుతారు. మావాళ్ళు అంత అమాయకులు కారు, గడ్డి వేయలేదు. అతిథి వస్తే వేసే తెల్ల పట్టు కండువాలు చేతుల్లో పట్టుకుని, రెక్కలు తిరుగుతుండగానే, మెడలో వేద్దామని పరుగెత్తారు. ఎవరి మెడలో అన్నది దగ్గరికి వెళ్ళాక చూసుకుందామనుకున్నారు.

ఒక కండువా గాలికి చేయి జారి రెక్కల వైపు లేచింది. సైన్యానికి మూటలు మోసే ఇరవై రెండేళ్ళ ఆంగ్‌దుస్ ఎగిరి దాన్ని పట్టుకుని, దానితో సహా బోర్లా పడ్డాడు. అది రెక్కలకి చుట్టుకునుంటే హెలికాప్టర్ అక్కడే మిగిలేది, చుట్టూ ఉన్న మావాళ్ళలో సగంమంది మిగిలేవాళ్ళు కారు. పైలట్ కిందికి దిగి హిందీలో అందరినీ దులిపేశాడు. హిందీ ఎవరికీ రాదు. ఆశీర్వదిస్తున్నాడనుకుని అందరూ తలలు వంచి నిలబడ్డారు. అర్థమైనవాడు మూటలు మోసిన ఆంగ్‌దుస్ ఒక్కడే. తిట్లన్నీ విని, చివర్లో, "బాబుగారూ, ఆ ఎడమ వాగు మొదట్లో నిన్నట్నుంచి కాకులు తిరుగుతున్నాయి, అక్కడ చూడండి," అన్నాడు. చూశారు. అయిదుగురిలో ముగ్గురు బతికి దొరికారు.

తిరుగు ప్రయాణంలో పైలట్ మళ్ళీ దిగి, ఒక సిగరెట్ పెట్టె చింపి, దాని లోపలివైపు నాలుగు ముక్కలు రాసిచ్చాడు: ‘ఆంగ్‌దుస్, హెలిప్యాడ్ ఇన్‌చార్జి. గుడ్డలు వద్దు, పశువులు వద్దు, జనం వద్దు.’ కింద సంతకం. ఆంగ్‌దుస్ దాన్ని మెడలో తాయెత్తు పెట్టెలో దాచుకున్నాడు. జీతం లేదు, సెలవు లేదు, పదవీ విరమణ లేదు. ఇంత నిక్కమైన ఉద్యోగం మా జిల్లాలో ఇంకెవరికీ లేదు.

ఆ రోజునుంచి ఊరికి శని పట్టింది. పొలం చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చాడు. మధ్యలో ఎర్రమట్టితో హెచ్ అక్షరం వేయమంటే ఒక అడ్డగీతకి బదులు రెండు గీశాడు, బలంగా ఉంటుందని. పైలట్లు అయిదేళ్ళు ఆ నిచ్చెన మీదే దిగారు. రెండు వందల అడుగుల లోపల ఎవరూ బట్టలు ఆరేయకూడదు. పెళ్ళి ఊరేగింపు అటునుంచి పోకూడదు. నా పదేళ్ళప్పుడు అటుగా పరుగెత్తానని నా ఎర్ర తలగుడ్డ లాక్కున్నాడు. నర్సునయ్యి తిరిగొచ్చాక దాన్ని మడతపెట్టి తెచ్చిచ్చాడు. "ఇప్పటికి బుద్ధి వచ్చుంటుందిలే," అన్నాడు. ఆయన అంచనాలు ఎప్పుడూ తప్పవు, నా విషయంలో తప్ప.

హెలికాప్టర్ వస్తోందని కబురు రాగానే అసలు బాధ మొదలయ్యేది. మెత్తటి మంచు మీద దిగితే రెక్కల గాలికి అదంతా పైకి లేచి పైలట్‌కి కళ్ళముందు తెల్లగోడ తప్ప ఇంకేం కనబడదు. అందుకని ముందు మంచు తొక్కి గట్టిపరచాలి. ఊరు మొత్తాన్ని రమ్మని, వరసగా చేతులు కలిపించి, డప్పు కొట్టించి, పండగ నాట్యం అడుగులు వేయించేవాడు. ఆ నాట్యం నెమ్మదిగా సాగుతుంది, అడుగు పూర్తిగా పడుతుంది, మంచు తొక్కడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. ఇంట్లో చావుబతుకుల్లో మనిషి ఉండగా బయట చుట్టాలంతా గుండ్రంగా నాట్యం చేయడం చూసి ఒకసారి ఒక పైలట్ బిత్తరపోయాడట.

ఆ తర్వాత అందరూ గోడ వెనక్కి పోతే, ఆంగ్‌దుస్ ఒక్కడే గొంఛా అనే నల్లటి పొడుగు ఉన్ని అంగీ వేసుకుని రాళ్ళ వలయం అంచున మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. తెల్లటి మంచులో ఎత్తు, దూరం పైలట్‌కి తెలియదు. నల్లగా ఒక గురుతు ఉంటే దాన్ని చూస్తూ దించుతాడు. రెక్కలు తలకి నాలుగు గజాల దూరంలో తిరుగుతుంటే కదలకుండా కూర్చోవడమే ఆ గురుతు పని. రోగి బాగయ్యి ఇంటికొచ్చాక మావాళ్ళు పైలట్‌కి దండాలు పెట్టేవాళ్ళు, గుంపాలో దీపాలు పెట్టేవాళ్ళు. కూర్చున్నవాడికి మాత్రం, "ఆ మంచు తొక్కుడికి నా నడుం పట్టేసిందయ్యా," అని చెప్పుకునేవాళ్ళు.

ఇక మా గోబా, అంటే ఊరిపెద్ద, పల్జోర్. మంచివాడు. మంచితనం మోతాదు మించినవాడు. హెలికాప్టర్ ఇంతమందిని బతికిస్తుంటే ఆ చోటుకి ఒక్క మంత్రజెండా అయినా కట్టకపోవడం ఊరికే అప్రతిష్ఠ అని ఆయన దిగులు. ఆయన కట్టడం, ఆంగ్‌దుస్ విప్పడం, ఇరవై ఏళ్ళు ఇదే భాగోతం. మూడేళ్ళ కిందట లోసర్‌కి, అంటే మా కొత్త సంవత్సరం పండక్కి, ఆంగ్‌దుస్ పై గూడెంలో కూతురింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి హెలిప్యాడ్ నాలుగు మూలలా నాలుగు గుంజలు, వాటి మధ్య అయిదు రంగుల జెండాల తాళ్ళు, అడ్డంగా ఒకటి, ఐమూలగా రెండు.

"ఏమిటిది?" అన్నాడు ఆంగ్‌దుస్.

"దీవెన," అన్నాడు గోబా. "జ్యోతిష్కుడు ముహూర్తం పెట్టాడు. రెండో నెల పున్నమిదాకా విప్పకూడదంట."

"హెలికాప్టర్‌ని కూడా పున్నమిదాకా ఆగమని చెప్పు మరి."

"కబురొచ్చిన పది నిమిషాల్లో నేనే విప్పిస్తా, సరేనా? నాలుగు ముళ్ళు విప్పడానికి ఇంత గోలెందుకు?"

ఆంగ్‌దుస్ నావైపు తిరిగాడు. "నర్సమ్మా, చదువుకున్నదానివి, నువ్వయినా చెప్పు."

"ఉండనీ తాతా, ఎంత అందంగా ఉన్నాయో," అన్నాను. ఐమూలగా ఉన్న తాళ్ళలో ఒకటి నేనే కట్టాను. లేహ్‌కి బదిలీ కావాలని మొక్కుకుని కట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో నా బొడ్డు చుట్టూ నొప్పి మొదలయ్యింది. మర్నాటికి అది కుడివైపు కిందికి దిగింది. నా వేలే నా కడుపు మీద పెట్టి, నొక్కి, వదిలి, నేనే అరిచి, నేనే అపెండిక్స్ అని రాసుకున్నాను. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నర్సు రోగిగా మారితే ఎవరు చూడాలన్నది ఏ సర్క్యులర్‌లోనూ లేదు. గోబా భార్య దీపం పట్టుకుంటే నా తొడకి నేనే ఇంజెక్షన్లు పొడుచుకున్నాను. అర్జీ వెళ్ళింది, సంతకాలు అయ్యాయి. ఆకాశం ఒప్పుకోలేదు. మూడు రోజులు మంచు కురిసింది. మూడో రోజు పొద్దున నాకు జ్వరం నూటమూడు దాటింది, పొట్ట బల్లలా బిగిసిపోయింది. లోపల అది పగిలిందని నాకు తెలుసు. ఆ సాయంత్రంలోగా ఆపరేషన్ బల్ల మీదకి చేరకపోతే ఏమవుతుందో పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

ఎనిమిదింటికి మబ్బు విడిచింది. ఫోన్ మోగింది. "హెలికాప్టర్ బయల్దేరింది, ఇరవై అయిదు నిమిషాలు," అన్నారు. నన్ను తలుపు చెక్క మీద పడుకోబెట్టి, దుప్పట్లు చుట్టి, హెలిప్యాడ్ గోడ వెనక దింపారు. డప్పు మొదలయ్యింది. ఊరంతా నాకోసం నాట్యం చేస్తోంది. నవ్వితే పొట్ట చీలేట్టుంది, అయినా నవ్వొచ్చింది.

గోబా ముళ్ళు విప్పడానికి వెళ్ళాడు. మూడు రోజులు తడిసి గడ్డకట్టిన తాళ్ళు ఇనపచువ్వల్లా ఉన్నాయి. పది నిమిషాలు పళ్ళతో, వేళ్ళతో లాగాడు. ఒక్క ముడి కూడా కదల్లేదు. కొండ అవతల రెక్కల చప్పుడు వినిపించింది. ఆంగ్‌దుస్ చేతితొడుగులు తీసేసి నడుము దగ్గరి కత్తి లాగాడు.

గోబా అడ్డం వచ్చాడు. "కొయ్యకు ఆంగ్‌దుస్, మంత్రాలు రాసున్నాయి."

"ఆ పిల్ల నుదుటన కూడా ఏదో రాసే ఉంటుంది, దాన్ని కొయ్యమంటావా?"

"నేలమీద పడితే పాపం, తెలుసుగా. పాపం నీదే."

"పడనివ్వను," అన్నాడు.

తాడు కోసినప్పుడల్లా దాన్ని నేల తగలనివ్వకుండా అందుకుని ఒంటికి చుట్టుకున్నాడు. ఎక్కడైనా పెడితే గాలికి లేచి రెక్కల్లోకి పోతాయి, నేలన పడేస్తే పాపం. ఇంటికి తీసుకెళ్ళే సమయం లేదు. నాలుగు గుంజల తాళ్ళూ, ఐమూల తాళ్ళూ, అన్నీ ఆయన మీదకే చేరాయి. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, భుజాల్నుంచి నడుందాకా. కొసలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. వాటిని గుప్పిట్లో కలిపి గుండెకి అదిమి పట్టుకున్నాడు. కత్తి పట్టిన చేతులు కాబట్టి తొడుగులు లేవు. వాటిని మళ్ళీ తొడుక్కునే ఖాళీ కూడా ఎవరూ ఇవ్వలేదు.

మొదటిసారి హెలికాప్టర్ కిందికి దిగబోయి, లేచిన మంచులో ఏమీ కనబడక పైకి వెళ్ళిపోయింది. తొక్కిన మంచు మధ్యలోనే గట్టిపడింది, అంచులు మెత్తగానే ఉన్నాయి. సగంమంది ముళ్ళ దగ్గర గుమిగూడారు, తొక్కింది మిగతా సగంమందే. నేను కళ్ళు మూసుకున్నాను. వెళ్ళిపోయిందనుకున్నాను. చావుకి భయపడ్డానని చెప్పడానికి నాకు సిగ్గులేదు, చాలా భయపడ్డాను.

కళ్ళు తెరిచేసరికి ఆంగ్‌దుస్ అంచు వదిలి పది అడుగులు లోపలికి జరిగి కూర్చున్నాడు. అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. హెలికాప్టర్ మళ్ళీ దిగింది. మంచు లేచి గోడ కనబడలేదు, గుంజలు కనబడలేదు, గోబా కనబడలేదు. ఆ తెలుపులో అయిదు రంగుల ముద్ద ఒక్కటే కనబడింది. చక్రం కింద రాయి పెట్టినట్టు అది కదల్లేదు. హెలికాప్టర్ దానికి ఎదురుగా నెమ్మదిగా కూర్చుంది.

నన్ను ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రెక్కలు ఆపరు కాబట్టి ఆ నాలుగు నిమిషాలూ ఆయన చేయి తీయలేదు. తీస్తే జెండా కొసలు ఎగురుతాయి. నన్ను మోసుకెళ్తుంటే పక్కనుంచి చూశాను. కనుబొమ్మలు, మీసం మంచుతో అట్టకట్టి, కళ్ళు మాత్రమే మిగిలాయి. ఆ కళ్ళు నన్ను చూడలేదు, పైలట్‌నే చూస్తున్నాయి.

పైకి లేచాక పైలట్ చెంగప్ప వెనక్కి తిరిగి అరిచాడు. "ఆ రంగుల ముసలాయన ఎవరు?"

"హెలిప్యాడ్ ఇన్‌చార్జి."

"అలాంటి పోస్టు లేదే."

"లేదు సార్. అందుకే ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాడు."

ఆ విధంగా నా మొక్కు తీరింది. లేహ్‌కి బదిలీ అడిగాను, ఆకాశమార్గాన తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయ్యింది, పొట్టంతా కడిగారు, నెలన్నర మంచం మీద ఉన్నాను. కనుమ తెరిచాక జూన్‌లో మొదటి లారీలో ఊరు చేరాను. గోబా ఎదురొచ్చి కండువా వేశాడు. "చూశావా, జెండాలు కట్టబట్టే కదా హెలికాప్టర్ దిగింది," అన్నాడు. కోసినందుకు ఆంగ్‌దుస్ చేత గుంపా చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేయించారట. జెండాలకి ఘనత, కోసినవాడికి ప్రాయశ్చిత్తం. మా ఊరి న్యాయంలో వంక పెట్టడానికి లేదు.

ఆంగ్‌దుస్ తాత ఇంటికి వెళ్ళి జూలే అని దండం పెట్టి పలకరించాను. కుడి చేయి గొంఛా లోపలే పెట్టుకుని ఎడమ చేత్తో టీ పోశాడు. "ఆ చేయి చూపించు," అన్నాను. చూపించలేదు. నేనే లాగాను. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. మిగతా మూడూ మొదళ్ళ దగ్గర నల్లగా ఎండి రాలిపోయాయి. గోబా రోజూ వేడినీళ్ళు కాచి తెచ్చాడట, ఆయన భార్య వెన్న రాసిందట. చూడాల్సిన నర్సు ఊళ్ళో లేదు. నర్సుని పంపించినందుకే ఆ వేళ్ళు పోయాయి.

"ఫోన్ చేయలేదేం?" అన్నాను. "రెండు రోజుల్లో తీసుకెళ్ళుంటే వేళ్ళు దక్కేవి."

"చేస్తే వస్తారు."

"రావడానికే కదా చేసేది."

"వస్తే ఎవరు కూర్చుంటారే?" అన్నాడు, లోకంలో ఇంతకంటే తేలిక లెక్క లేదన్నట్టు. "గోబాని కూర్చోబెడితే పైలట్ దిగుతుంటే దండం పెట్టడానికి లేచి నిలబడతాడు."

అప్పుడు చెప్పాను, ఐమూల తాళ్ళలో ఒకటి నాదేనని, బదిలీ కోసం కట్టానని. చెబుతూ ఏడ్చాను. ఆయన టీ కప్పు నా వైపు జరిపాడు. "తెలుసు. నీ ముడి ఒక్కటే గట్టిగా ఉంది. ఆస్పత్రి ముడి," అన్నాడు.

ఆ ఏడు లోసర్‌కి గోబా జెండాలు కట్టే చోటు ఆంగ్‌దుస్ చూపించాడు. హెలిప్యాడ్ నుంచి అడుగులు కొలుచుకుంటూ పోయి, కొండ మలుపు దాటాక ఆగాడు. గోబా అక్కడే గుంజ పాతాడు.

పోయిన జనవరిలో ఆంగ్‌దుస్‌కి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నా దగ్గరున్న మందులు పనిచేయలేదు. పెదాలు నీలంగా తిరిగాయి. ఫోన్ చేస్తానన్నాను.

"వద్దు."

"నేను కూర్చుంటాను తాతా."

చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు కుదురుగా కూర్చోవడం ఎప్పుడైనా వచ్చా?"

"నేర్పు."

మంచం మీదనుంచే నేర్పాడు, మాట మాటకీ దగ్గుతూ. గాలికి వీపు పెట్టాలి. మోకాళ్ళు ముడవాలి. గడ్డం గుండెకి ఆనించాలి. ఒంటిమీద ఎగిరేది ఏదీ ఉండకూడదు. అది నెత్తిమీదకే వస్తోందనిపిస్తుంది, అయినా లేవకూడదు. "నువ్వు లేస్తే వాడికి నేల లేచినట్టే," అన్నాడు. తాయెత్తు పెట్టె మెడలోంచి తీయించి నా మెడలో వేయించాడు. సిగరెట్ అట్ట మీద రాత ఎప్పుడో చెరిగిపోయింది. ‘వద్దు’ అన్న మాట ఒక్కటే ఇంకా తెలుస్తోంది.

మర్నాడు ఊరంతా వచ్చింది. గోబా స్వయంగా డప్పు కొట్టాడు. ఆ రోజు తొక్కినంత గట్టిగా మంచుని మావాళ్ళు ఎన్నడూ తొక్కలేదు. ఒక్కరు కూడా నడుం నొప్పని అనలేదు. నేను ఆయన నల్ల గొంఛా వేసుకుని అంచున కూర్చున్నాను. అది నిజంగానే నెత్తిమీదకే వస్తుంది. నలభై ఏళ్ళు ఈ మనిషి దీని కింద ఎలా కూర్చున్నాడా అనుకున్నాను, పళ్ళు బిగించాను, లేవలేదు. తలుపు చెక్క మీద ఆయన్ని మోసుకెళ్ళారు. వందసార్లకు పైగా దించినవాడు ఎక్కడం అదే మొదటిసారి.

నాలుగోరోజు లేహ్ ఆస్పత్రిలో ఆంగ్‌దుస్ పోయాడు. ఆ సంగతి చెప్పడానికి చెంగప్పే ఫోన్ చేశాడు. చెప్పి, ఫోన్ పెట్టేయలేదు.

"హెలికాప్టర్‌లో ఏమైనా అన్నాడా సార్?" అని అడిగాను.

"అన్నాడు. లేవగానే కిటికీలోంచి కిందికి చూశాడు. ఆ పిల్ల వంకరగా కూర్చుంది, ఒక జానెడు ఎడమకి జరగాలని చెప్పండి అన్నాడు."

ఈ శీతాకాలం రెండుసార్లు హెలికాప్టర్ వచ్చింది. కూర్చునే ముందు నేను జానెడు కొలిచి ఎడమకి జరుగుతున్నాను.